ఎడమ అంచు

శాలువాను మంచం మీద పరిచి చూసి మా మేనకోడలు పకపకా నవ్వింది.

"ఇదేంటత్తయ్యా, శాలువా అంటే డమరుకం అల్లారా నాకు?"

నిజమే. రెండు చివర్లా వెడల్పుగా ఉండి, మధ్యకు వచ్చేసరికి ఎవరో నడుము పట్టుకుని బిగించినట్టు చిక్కిపోయి ఉంది. పొద్దున నేనే రెండు సగాలూ కలిపి కుట్టి మడత పెట్టాను. ఒళ్ళో పెట్టుకుని కుట్టానేమో, అప్పుడు ఇంత వింతగా కనిపించలేదు.

మేనకోడలంటే మా ఆయన అక్క కూతురు. బడిలో లెక్కల టీచరు. చలి విపరీతంగా ఉండే ఊరికి బదిలీ అయింది. ఆమె కోసమే వాళ్ళమ్మా, అంటే మా వదినా, నేనూ చెరో సగం అల్లాం.

"డమరుకమా? కళ్ళు ఎక్కడ పెట్టుకుని చూస్తున్నావే? స్కేలు పెట్టి గీసినట్టుంటేను!" అంటూ వదిన కుర్చీలోంచి లేచింది. మంచం దగ్గరకు వచ్చి, శాలువా కుడి అంచు మీద చేయి వేసి, అక్కడినుంచి ఎడమ వైపుకు తడుముకుంటూ వెళ్ళింది. సగం దూరం వెళ్ళాక ఆ చేయి ఆగిపోయింది.

"ఇదిగో, ఇదొక అంచు. అదిగో, అదొక అంచు. వంకర ఎక్కడుందో చూపించు నాకు."

ఆమె వేలు అంచు మీద లేదు. శాలువా నడిమధ్యలో ఉంది. వేలికి ఎడమ పక్కన ఇంకా అంత శాలువా పరిచి ఉంది, పట్టపగలు, కిటికీ వెలుగులో.

మేనకోడలి నవ్వు సగంలో తెగిపోయింది. నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూశాను.

"అమ్మా, మరి ఆ పక్కన ఉన్నదో?"

"ఏ పక్కన?" అంది వదిన.

వేళాకోళం చేస్తోందనుకున్నాను. వేళాకోళం ఆవిడకు అలవాటే. కానీ ఆవిడ ముఖంలో నవ్వు లేదు. మేమిద్దరం కలిసి తనను ఆట పట్టిస్తున్నామన్న కోపం ఉంది.



మా ఆయన పోయాక వదినా నేనూ ఒకే ఇంట్లో ఉంటున్నాం. మా అన్నయ్యగారు, అంటే ఆవిడ భర్త, అంతకుముందే పోయారు. వదిన ఒక ఆఫీసులో టైపు కొట్టి రిటైరయింది. నేను వంటింట్లో ఉన్నాను, ఇంకా రిటైరు కాలేదు. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. మా ఆయన ఉన్నంతకాలం నాకు చదువు అవసరం పడలేదు. ఆయన పోయాక మందు సీసా మీద ఏముందో తెలియక రెండు సీసాలు పట్టుకుని నిలబడితే వదిన చూసింది. "సిగ్గులేదూ?" అని, ఆ సాయంత్రమే పాత పేపరు అంచుల మీద అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టింది. తల జుట్టు నెరిశాక నేను బస్సు మీద ఊరి పేరు చదువుకుని ఎక్కానంటే అది ఆవిడ పుణ్యమే.

క్రోషే సూది పట్టించింది కూడా ఆవిడే. చివర చిన్న కొక్కెం ఉన్న సూది, ఒక ఊలు ఉండ, అంతే సరంజామా. మొదట గొలుసు. ఆ గొలుసు కన్నాల్లోంచి ఊలు లాగి మీద ఒక వరస. దాని మీద ఇంకో వరస. మా శాలువాలో అంతకుమించిన పనితనం ఏమీ లేదు. వరస కుడినుంచి ఎడమకు సాగుతుంది. ఎడమ చివర అందాక పనిని తిప్పి పట్టుకుని మళ్ళీ కుడినుంచి మొదలుపెడతాం. ఆ చివరి కుట్టు ఒక్కటే దొంగముఖంది. మూలలో నక్కి ఉంటుంది. దాన్ని వదిలేస్తే వరస తగ్గిపోతుంది. దాంట్లో రెండుసార్లు గుచ్చితే పెరిగిపోతుంది. నాకున్నది ఆ రెండో జబ్బు. నేను ఏది అల్లినా చివరికి విసనకర్రలా విచ్చుకునేది.

అప్పుడు వదిన నోటినుంచి ఒకే మాట వచ్చేది. "విప్పు."

"నాలుగు వరసలు అయ్యాయి వదినా."

"నలభై అయితే మాత్రం? విప్పు."

"పోనీ కుట్లు లెక్క పెట్టుకుంటూ చెయ్యనా?"

"లెక్కలు మా అమ్మాయి చూసుకుంటుంది. నీ చేతికి తెలియాలి, నీ నోటికి కాదు. విప్పు."

ఊలు పట్టుకుని లాగితే జరజరా వచ్చేసేది. పొద్దున్నుంచి పడ్డ పాటంతా ఒళ్ళో ముంగురులుగా పడేది. ఏడుపొచ్చేది. కానీ ఆవిడ చెప్పిందంటే తిరుగులేదు. నాకు రెండు ముక్కలు చదవడం, ఒక ముక్క అల్లడం వచ్చాయంటే ఆ తిట్ల వల్లే.

అందుకే శాలువా సగంలో ఉండగా రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు, ఆవిడది సన్నగా, నాది వెడల్పుగా కనిపిస్తే, నాకు వచ్చిన ఆలోచన ఒక్కటే. మళ్ళీ నా పాత జబ్బు తిరగబెట్టింది.

"ఇద్దరివీ ఒకే వెడల్పు ఉండాలి కదా వదినా?" అని అడిగాను.

"ఉండక? నాది చూసి చెయ్."

ఆవిడది చూశాను. నాది విప్పాను. ఆవిడది ఎక్కడ తగ్గితే నేనూ అక్కడ చివరి కుట్లు వదిలేస్తూ, ముక్క మీద ముక్క పెట్టి సరిచూసుకుంటూ మళ్ళీ అల్లాను. సరిగ్గా ఉన్నదాన్ని విప్పి, తప్పుగా ఉన్నదానికి సరిపోయేలా తయారుచేశాను. ఆవిడ నన్ను చూసి, "ఇప్పుడు దారికొచ్చావు," అంది. నాకు ఆ పూటంతా కడుపు నిండిపోయింది.

మెట్ల కింద మిషను పెట్టుకున్న దర్జీ ఒకసారి పైకి వచ్చి వదిన ఒళ్ళోని ముక్కను చూశాడు. "పెద్దమ్మా, శాలువానా, జెండానా?" అన్నాడు. "నువ్వు కుట్టే ప్యాంట్లకంటే నయమేలే, రెండు కాళ్ళూ రెండు ఊళ్ళకు పోతాయి," అంది వదిన. ఇద్దరూ నవ్వుకున్నారు. నేనూ నవ్వాను. అతను దర్జీ, అతనికి క్రోషే ఏం తెలుసులే అనుకున్నాను.

ఇవన్నీ ఆ మంచం పక్కన నిలబడి ఉండగానే ఒకదాని వెనక ఒకటి గుర్తొచ్చాయి. ఇంకా ఉన్నాయి. పొద్దున పేపరు పైకి చదివి నాకు వినిపించడం వదినకు అలవాటు. ఈ మధ్య ఆవిడ చదువుతుంటే నాకు ఒక్క వాక్యమూ అర్థం కావడం లేదు. "...లో కూలిపోయింది. ...మంత్రి చెప్పారు. ...కు నీళ్ళు రావు." అలా తల లేకుండా మొండేలు వచ్చేవి. "ఈ పేపరువాళ్ళకు రాయడం చేతకావడం లేదు," అని ఆవిడ పేపరు విసిరికొట్టేది. నేనేమో, పెద్ద చదువులవాళ్ళ రాతలు ఇలాగే ఉంటాయి కాబోలు, నా బుర్రకు ఎక్కడం లేదు అనుకునేదాన్ని. ఆ పేపరు నేను తీసి చూడొచ్చు. నాకు చదవడం వచ్చు. ఒక్కరోజూ తీసి చూడలేదు.

"భోజనం పెడతానుండు," అని మేనకోడలితో అన్నాను. వదినకు కంచంలో కుడి వైపు అన్నం, ఎడమ వైపు కూర పెట్టాను. ఆవిడ ఒట్టి అన్నం తింటూ, "మొత్తానికి కూర చెయ్యడం మానేశావన్నమాట," అంది.

మేనకోడలు చేయి చాచి కంచాన్ని కాస్త తిప్పింది. కూర కుడి వైపుకు వచ్చింది.

"ఓ, ఇప్పుడు వడ్డించావా," అని వదిన కూర కలుపుకుంది.

మేనకోడలు లేచి వాకిట్లోకి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. గోడకు ఆనుకుని నోటికి అడ్డంగా కొంగు పెట్టుకుని ఉంది. "ఎప్పటినుంచి అత్తయ్యా? ఎప్పటినుంచి ఇలా ఉంది అమ్మ?"

నాకు తెలియదు. ఒకే ఇంట్లో, ఒకే దీపం కింద, మోకాలికి మోకాలు తగిలేలా కూర్చుని అల్లాం. నాకు తెలియదు.

ఆ మధ్యాహ్నమే ఆసుపత్రికి తీసుకెళ్ళాం. వదిన దారి పొడుగునా నన్నూ కూతుర్నీ దులిపేస్తూనే ఉంది. లోపల చల్లగా ఉందని ఆ డమరుకం శాలువానే భుజాల మీద కప్పాను. డాక్టరు కాగితం మీద ఒక గీత గీసి, "దీనికి మధ్యలో గుర్తు పెట్టండమ్మా," అన్నాడు. వదిన పెన్ను తీసుకుని చాలా శ్రద్ధగా, కుడి కొసకు దగ్గరగా గుర్తు పెట్టింది. పెట్టి, ఇదేనా పెద్ద పరీక్ష అన్నట్టు నా వైపు చూసింది. ఏదో పరికరంలో తల ఫోటోలు తీశారు. డాక్టరు మమ్మల్నిద్దర్నీ పక్కకు పిలిచి చెప్పాడు. మెదడులో ఒక చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. కళ్ళు బాగానే ఉన్నాయట. కానీ ఎడమ పక్కన ఒక లోకం ఉందన్న సంగతి ఆవిడ మెదడుకు గుర్తు లేదట. లేదన్న సంగతి కూడా ఆవిడకు తెలియదట.

"ఇది జరిగి ఎన్నాళ్ళయింది?" అని అడిగాడు. "వెంటనే వచ్చి ఉంటే కొంత చేయగలిగేవాళ్ళం."

మేనకోడలు వెళ్ళి తల్లి భుజాల మీది శాలువా తీసుకొచ్చి బల్ల మీద పరిచింది. తల్లి అల్లిన సగం మొదలు దగ్గర వేలు పెట్టి, వరస వరసగా పైకి జరుపుతూ వెళ్ళింది. అక్కడంతా అంచు నిలువుగా, ముచ్చటగా ఉంది. ఒకచోట వేలు ఆగింది. ఆ వరస చివర కొన్ని కుట్లు ఖాళీగా ఉన్నాయి. పై వరస ఇంకాస్త లోపల ఆగింది. అక్కడినుంచి రెండు అంచులూ మెట్లు మెట్లుగా లోపలికి దిగిపోయాయి.

"ఇక్కడ," అంది మేనకోడలు.

ఆ వరస నాకు గుర్తుంది. ఊలు ఉండ అయిపోయి కొత్త ఉండ ముడి వేసిన చోటు. ఆ రోజు వదిన సూది కింద పడేసుకుని, "కాస్త మంచినీళ్ళియ్యవే, తల అదోలా ఉంది," అంది. ఇచ్చాను. తాగింది. "ఎండ," అంది. సూది తీసి అందించాను. మళ్ళీ అల్లడం మొదలుపెట్టింది. నేను ఆ పక్కనే కూర్చుని ఉన్నాను. ఆవిడ తలలో అంత పని జరిగిపోతే, నేను నా ముక్క సరిగ్గా వస్తోందా లేదా అని చూసుకుంటున్నాను.

రెండోసారి రాకుండా మందులు రాసిచ్చారు. వ్యాయామం చేయించే ఒకావిడ వచ్చి మాతో మాట్లాడింది. ఎడమ వైపు మెరిసే రంగు ఏదైనా కట్టమంది. ప్రతి పనిలోనూ దాన్ని వెతికించమంది. చాలామంది బాగుపడతారట, కానీ పక్కన ఉన్నవాళ్ళు తప్పు జరిగిన ప్రతిసారీ చెప్పాలట. "మొహమాటపడితే మాత్రం లాభం లేదమ్మా," అంది.

ఇంటికొచ్చాక మేనకోడలు తల్లి బట్టలు సంచీలో సర్దడం మొదలుపెట్టింది.

"అమ్మను నాతో తీసుకెళ్తాను."

"నీకున్నది ఒక్క గది కదే. నువ్వు బడికి పోతే?"

"తాళం వేసుకుని పోతాను."

"నేను లేనా ఇక్కడ?"

ఆమె చీర మడత పెట్టడం ఆపింది. "అత్తయ్యా, నిన్ను తప్పు పట్టడం లేదు. కానీ నువ్వే ఆలోచించు. తప్పు అమ్మది అయితే నీది విప్పుకున్నావు. రేపు మందు వేసుకోకుండానే వేసుకున్నానంటుంది, నువ్వు నమ్ముతావు. ఎడమ పక్క పొయ్యి మండుతుంటే ఆర్పేశానంటుంది, నువ్వు నమ్ముతావు. అమ్మ మాటకు ఎదురు చెప్పడం నీ ఒంట్లో లేదు."

ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు.

లోపలి గదిలో వదిన కుర్చీలో కూర్చుని ఉంది. "ఆ చలి ఊరికి నేను రాను," అంటోంది గోడతో. "నాకేం రోగం? కళ్ళు శుభ్రంగా ఉన్నాయని ఆ డాక్టరే అన్నాడు. ఆ తలుపు వాచింది, అందుకే భుజం తగులుతోంది." ఎడమ చేతి మీద కమిలిన మచ్చలు కనిపించాయి. వాటినీ నేను ఇప్పుడే చూస్తున్నాను.

ఊలు తీశాను. నా చేత్తో కొన్ని వరసలు అల్లి ఒక చిన్న ముక్క చేశాను. దాని ఎడమ అంచుకు ఎర్ర ఊలు ముడి వేసి, సూదితో సహా వదిన చేతికిచ్చాను. "ఎర్రది కనిపించేదాకా అల్లి, అప్పుడు తిప్పాలట వదినా."

"నాకు పాఠాలా?" అంటూనే అల్లడం మొదలుపెట్టింది. ఆవిడ చేయి చూస్తుంటే ఎప్పటిలాగే ముచ్చటేసింది. సూది అలా లోపలికి వెళ్ళి ఇలా ఊలును వెంటేసుకొస్తోంది. ఒక్కో కుట్టూ గింజలా కూర్చుంది. సగం దాటింది. ఎర్ర ముడి ఇంకా దూరంగా ఉంది. ఆగింది. పని తిప్పింది.

గుమ్మంలో మేనకోడలు నిలబడి ఉంది. చేతిలో చీర అలాగే ఉంది.

నాకు అక్షరాలు దిద్దించిన చేయి అది. చెప్పాలనుకున్న మాట చిన్నదే. ఆ మాట కూడా ఆవిడదే. ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కే లేదు. నేను ఆవిడకు ఒక్కసారీ చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు.

"విప్పండి వదినా."

వదిన తల ఎత్తింది. వీధిలో కుక్క వచ్చి మనిషిలా పలకరించినా ఆవిడ అలా చూడదు.

"ఏమన్నావ్?"

"విప్పమన్నాను. ఎర్రది అందకుండానే తిప్పేశారు."

"నాకు చెప్తున్నావా? నువ్వు? నాకు?"

"చెప్తున్నాను." ఆవిడ కుడి చేయి పట్టుకున్నాను. ఎన్నేళ్ళుగానో కలిసి ఉన్నా ఆవిడ చేయి నేను పట్టుకోలేదు, ఆవిడే నాది పట్టుకునేది. చూపుడువేలిని ముక్క మీద పెట్టి ఎడమకు నడిపించాను. అంచు అని ఆవిడ అనుకున్న చోట వేలు ఆగబోయింది. ఆగనివ్వలేదు. ఇంకా లాగాను. ఒక కుట్టు, ఇంకో కుట్టు, ఇంకోటి. వదిన వేలు బిగుసుకుపోయింది. చివరికి ఎర్ర ముడి తగిలింది. తల కూడా వేలి వెంబడే నెమ్మదిగా తిరిగింది.

ఎవరికీ జంకని మనిషి, నోరు కొద్దిగా తెరుచుకుని ఆ ముడినే చూస్తోంది.

"ఇంత ఉందా?" అంది. గుసగుసలా వచ్చింది మాట. "ఇంత ఉంటే నాకు..."

ఆవిడ వేలు ఆ ముడిని వదల్లేదు. వదిలితే మళ్ళీ మాయమైపోతుందేమోనని భయపడుతున్నట్టుంది. కాసేపటికి నా వైపు చూసింది.

"శాలువాలో నీ సగం బాగానే వచ్చింది కదే మొదట. ఎందుకు విప్పావు?"

"మీది చూసి."

"నాది తప్పేమోనని ఒక్కసారన్నా అనిపించలేదా నీకు?"

"లేదు."

పేపరువాళ్ళ మీదా, దర్జీ మీదా, తలుపు మీదా అంతెత్తున లేచిన మనిషి ఈ ఒక్క మాటకు నిలువునా నీరుకారిపోయింది. తిడుతుందనుకున్నాను.

"మొద్దు," అంది చివరికి. అని, ఊలు పట్టుకుని లాగింది. వరస జరజరా వచ్చేసింది.

మళ్ళీ అల్లింది. ఈసారి ఇందాకటిలా కాదు, తడబడుతూ అల్లింది. ఎర్ర ముడి ఇంకాస్త దూరం ఉందనగా చేయి మళ్ళీ ఆగింది. గుమ్మం వైపు చూశాను. మేనకోడలు నా నోటి వైపే చూస్తోంది.

"విప్పండి," అన్నాను.

"పొగరెక్కిందే నీకు," అంది వదిన, విప్పుతూ.

మేనకోడలు చేతిలో చీర పట్టుకుని అక్కడే నిలబడి ఉంది. మూడోసారి కూడా చేయి ముందే ఆగిపోయి, మూడోసారి కూడా నేను ఆ మాటే అన్నాక, ఆమె వెళ్ళి ఆ చీరను సంచీలో పెట్టకుండా దండెం మీద వేసింది.